జపాన్‌లో కొత్త ఏడాదా? తొట్టి స్నానం, మోచీతో జాగ్రత్త!

బీపీ మందుల కోసం ఏళ్లుగా మా ఓపీకి వచ్చే రిటైర్డ్ టీచరు ఒకరు ఈసారి కొత్త ప్రశ్న వేశారు. ‘‘డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి టోక్యో వెళ్తున్నాం డాక్టరుగారూ! అక్కడి చలికి తట్టుకోగలనా?’’ అని. స్వెటర్లు, మేజోళ్ల సంగతి ఆయనకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఆయన అడగని రెండు విషయాలు చెప్పాను: వేడినీళ్ల తొట్టి, బియ్యపు ముద్ద. ఈ సెలవుల్లో మీరో, మీ అమ్మానాన్నలో అటు వెళ్తుంటే ఇవి మీకూ తెలియాలి.

జనవరి 1 జపాన్‌వాళ్లకు మన సంక్రాంతి లాంటిది. సొంతూళ్లకు చేరతారు. ముందురోజు రాత్రి సోబా నూడుల్స్ తింటారు. బౌద్ధాలయాల్లో 108 సార్లు గంట మోగిస్తారు. కొత్త ఏడాది మొదలవగానే గుడికి వెళ్తారు. అంతదూరం వెళ్లి ఇంట్లో కూర్చోవడమెందుకు? అన్నింట్లో పాల్గొనండి, జాగ్రత్తగా.

తొట్టి స్నానం

అక్కడ చాలా ఇళ్లలో హాలు వెచ్చగా ఉన్నా, బట్టలు మార్చుకునే గది చల్లగా ఉంటుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. అలాగే మెడదాకా వేడినీళ్లలో మునిగితే అవి విప్పారి బీపీ పడిపోతుంది. కళ్లు తిరిగి, స్పృహ తప్పి, నీళ్లలోనే మునిగిపోవచ్చు. చలికాలంలో ఇలా ప్రాణాలు కోల్పోయేవారిలో ఎక్కువమంది పెద్దవయసువారే. జపాన్‌లో దీన్ని ‘హీట్ షాక్’ అంటారు.

అందుకే ముందు గదిని వేడి చేయండి. నీళ్లు 41 డిగ్రీలు దాటకూడదు. 10 నిమిషాలు చాలు. లేచేటప్పుడు అంచు పట్టుకుని నెమ్మదిగా లేవండి. భోజనం చేసిన వెంటనే, మద్యం తాగాక వద్దు. తొట్టిలోకి దిగేముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి. వేడినీటి ఊటల ‘ఒన్సెన్’లకు వెళ్లినా ఇవే జాగ్రత్తలు. గుండెజబ్బు ఉంటే మీ డాక్టర్ని అడిగాకే వెళ్లండి.

మోచీ

జిగురు బియ్యాన్ని ఉడికించి, దంచి చేసే ముద్ద ఇది. పండగనాడు ‘ఓజోనీ’ అనే సూప్‌లో వేస్తారు. రుచిగానే ఉంటుంది కానీ తేలిగ్గా తెగదు, గొంతుకు అతుక్కుంటుంది. ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో ఇది అడ్డుపడి పెద్దవాళ్లు చనిపోతూనే ఉంటారు. కట్టుడు పళ్లున్నవారు చిన్నచిన్న ముక్కలు చేసుకుని, ముందు సూప్‌తో గొంతు తడుపుకొని, బాగా నమిలి తినాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారికి, చిన్నపిల్లలకు అసలు పెట్టొద్దు.

గొంతులో అడ్డుపడినా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. మాట రాకపోతే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన 5 సార్లు లోపలికి, పైకి నొక్కండి. బయటికి వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయండి. ఈలోగా మరొకరు 119కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టండి. నీళ్లు పోయడం, కనిపించకుండా వేలు పెట్టి కెలకడం వద్దు.

షుగర్ ఉన్నవారికి

కింద హీటరు, పైన దుప్పటి ఉండే ‘కొతాత్సు’ బల్ల దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాదు. కాళ్లు తిమ్మిరెక్కే షుగర్ రోగులకు వేడి తెలియక చర్మం కాలిపోవచ్చు. అక్కడే నిద్రపోవద్దు.

బయల్దేరే ముందు

డిసెంబరు 29 నుంచి జనవరి 3 వరకు చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి. మందులు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలో పెట్టుకోండి. నెలకు మించి తీసుకెళ్లాలంటే ముందుగా అక్కడి అనుమతి కావాలి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించిన జలుబు మాత్రలపై అక్కడ నిషేధం ఉంది. స్ట్రిప్ వెనక చదివి చూడండి.

జనవరి 7న వాళ్లు ఏడు రకాల ఆకులు వేసి జావ కాచుకుంటారు, పండగ తిండి తిన్న పొట్టకు విశ్రాంతిగా. అప్పటిదాకా ఉంటే ఆ జావ తాగి మరీ రండి. మా టీచరుగారికీ అదే చెప్పాను.