కొండ నీటికి దారి

ఛత్తీస్‌గఢ్‌లోని గనుల ఊరు బచేలిలో వాన పడితే నీళ్లు ఎర్రగా పారతాయి. బైలదిల్లా కొండల మీది ఇనుప ఖనిజపు మట్టి వాగుల్లో కలిసి శంఖినీ నది దాకా పోతుంది. కొండ మీంచి దిగే నీరు పోయే దారిలో రైలు కట్ట అడ్డం వస్తుంది. ఆ నీరు దాటడానికి కట్ట కింద కల్వర్టులు పెట్టారు. వాటి నోళ్లు తెరిచి ఉన్నంతకాలం పైన రైలు నిశ్చింతగా నడుస్తుంది. పూడిపోతే మాత్రం నీరు కట్ట వారనే నిలిచి, మట్టిని నానబెట్టి, చివరికి కట్టనే కోసుకుపోతుంది.

ఈ రైలు దారి కొత్తవలస నుంచి కిరందుల్ దాకా సాగే కేకే లైను. జపాన్ ఉక్కు కర్మాగారాలకు బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా పంపడానికి 1960లలో వేశారు. దాదాపు 450 కిలోమీటర్ల దారి, 58 సొరంగాలు. అనంతగిరి ఎక్కి, శిమిలిగుడ దగ్గర సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరి, అరకు, కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా బచేలికి వస్తుంది. ప్రయాణికులు సొరంగాలను లెక్కపెట్టుకుంటూ పోతారు. కల్వర్టులను ఎవరూ లెక్కపెట్టరు. అవి మాత్రం వందల్లో ఉంటాయి.

కొండను కోసి పట్టాలు వేసిన చోట నీటికి రెండు దారులు చూపాలి. కోత పైఅంచుకు కాస్త ఎగువన, వాలు మీద తవ్వే కాలువ ఒకటి. కొండ నీరు పట్టాల మీదికి దూకకుండా అది పక్కకు మళ్లిస్తుంది. రెండోది పట్టాల వెంబడి సాగే సైడ్ డ్రైను. ఈ రెండూ తెచ్చిన నీటిని కల్వర్టు అవతలికి దాటిస్తుంది. పై కాలువలో ఒక చెట్టు కూలి పడితే చాలు, నీరు పొర్లి వాలు మట్టిలోకి ఇంకి, బండరాళ్లతో సహా పట్టాల మీదికి జారుతుంది. 2023 సెప్టెంబరులో కొరాపుట్ దగ్గర మానబార్, జరతి స్టేషన్ల మధ్య కొండచరియలు విరిగిపడి ఈ లైను స్తంభించింది.

ఖనిజపు లైనుకు ఇంకో బాధ కూడా ఉంది. వ్యాగన్ల నుంచి రాలే పొడి పట్టాల కింది కంకరలో చేరుతుంది. కంకర పనుల్లో ఒకటి నీటిని కిందికి వదిలేయడం. సందులు పూడితే నీరు అక్కడే నిలిచి అడుగు మట్టి బురదవుతుంది, రైలు బరువుకు ఆ బురద పైకి చిమ్ముతుంది, పట్టా కుంగుతుంది.

ఇదంతా కనిపెట్టుకుని ఉండేది పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్లు, పట్టాల వెంట నడిచి చూసుకునే కీమన్లు. వానలు మొదలయ్యే లోపే డ్రైన్లలో, కల్వర్టుల్లో పూడిక తీయాలన్నది రైల్వే నియమం. వానాకాలం రాత్రుళ్లు పట్రోల్‌మన్ దీపం పట్టుకుని తన హద్దు దాకా నడుస్తాడు. కట్ట జారిన జాడ కనిపిస్తే ఎర్ర దీపం చూపి, పట్టాల మీద పేలుడు బిళ్లలు పెట్టి రైలును ఆపుతాడు. పార, గంప, లాంతరుతో సాగే ఈ కాపలా లేకపోతే ఎంత గొప్ప ఇంజినీరింగయినా ఒక్క వానాకాలానికి ఆగదు.

ఇదే పనిని సెలవు రోజుల్లో, జీతం లేకుండా చేసేవాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు. వేల్స్‌లో మూతపడబోతున్న తాలిలిన్ రైల్వేను 1951లో స్వచ్ఛంద సేవకులు చేతికి తీసుకున్నారు. ప్రపంచంలో అలా నిలబడిన మొదటి రైలు మార్గం అదే. తర్వాత అలాంటివి ఎన్నో వచ్చాయి. ఆవిరి ఇంజన్ నడపాలన్న కోరికతో చేరినవాళ్లు కూడా చలికాలంలో రైళ్లు ఆపినప్పుడు బురదలో దిగి కాలువలు తవ్వుతారు. అదెందుకు అవసరమో వాళ్లకు అనుభవమే నేర్పింది. 2007 జూన్‌లో కుండపోత వానకు సెవర్న్ వ్యాలీ రైల్వే కట్టలు చాలాచోట్ల కొట్టుకుపోయాయి. లైను పూర్తిగా తెరుచుకునేసరికి 2008 మార్చి అయింది. గ్లోస్టర్‌షైర్ వార్విక్‌షైర్ రైల్వేలో 2010లో ఒకచోట, 2011లో మరోచోట కట్ట జారింది.

మన దేశంలో వారసత్వ రైళ్లు కూడా ప్రభుత్వ రైల్వే చేతిలోనివే. యునెస్కో గుర్తింపు ఉన్న కాల్కా-సిమ్లా లైనులో 2023 ఆగస్టులో సమ్మర్ హిల్ దగ్గర నేల కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. గుర్తింపు పత్రం వాననీటిని ఆపదు.

కేకే లైనుకు ఆ గుర్తింపూ లేదు. కానీ అది వారసత్వమేనని చెప్పడానికి వెనకాడాల్సిన పని లేదు. బ్రిటన్ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం మాత్రం కుదరదు. ఇది పైన కరెంటు తీగలతో, రాత్రీ పగలూ ఖనిజపు ర్యాకులతో నడిచే లైను, దీనికి చలికాలం సెలవు లేదు. శిక్షణ లేనివాళ్లు పార పట్టుకుని పట్టాల మీదికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. అది గ్యాంగు పని, గ్యాంగే చేయాలి. ఆ గ్యాంగులో సరిపడా మనుషులు ఉండాలని అడగడం ఊరి హక్కు.

అయితే కల్వర్టులోకి వచ్చే నీరు రైల్వే హద్దు బయట పుడుతుంది. అక్కడ శ్రమదానానికి బోలెడంత చోటుంది. ఎగువ వాగులో పడేసిన ప్లాస్టిక్ సంచులు, ఇళ్లు కట్టగా మిగిలిన రాళ్లూ రప్పలూ, నరికి వదిలేసిన కొమ్మలు, అన్నీ కొట్టుకొచ్చి కల్వర్టు నోట్లోనే ఇరుక్కుంటాయి. 2024 జూలైలో కిరందుల్‌లో గనుల వైపు నుంచి ఎర్రబురద నీరు వీధుల్లోకి, ఇళ్లలోకి వచ్చింది. నీరు దారి తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. గని వ్యర్థాన్ని ఆపే బాధ్యత గనులు నడిపే ఎన్‌ఎండీసీదే, దాన్ని జనం మీదికి నెట్టకూడదు. వీధి కాలువ సంగతి మాత్రం పురపాలక సంఘంతో పాటు ఊరివాళ్లదీ.

ఉత్తరాంధ్ర నుంచి గని, రైల్వే ఉద్యోగాలకు వచ్చి బచేలిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సొంతూరికి పోవాలంటే వాళ్లకు ఈ రైలే ఆసరా. జూన్‌కు ముందు ఒక ఆదివారం కాలనీ సంఘాలు, బడిపిల్లలు కలిసి కట్టకు దూరంగా ఎగువ వాగులు శుభ్రం చేయొచ్చు. రెండో లైను పనుల్లో పాత కల్వర్టులను పొడిగించే చోట నీరు సాఫీగా పోతోందో లేదో తొలి వానలోనే హద్దు బయటి నుంచి గమనించొచ్చు. రైల్వే ప్రతి కల్వర్టుకూ ఒక నంబరు వేసి ఉంచుతుంది. ఎక్కడ నీరు నిలిచిందో ఆ నంబరుతో సహా స్టేషన్ మాస్టరుకు చెబితే, గ్యాంగు వెతుక్కోకుండా నేరుగా అక్కడికే వెళ్తుంది.