శీర్షం పట్టుకుంటే జవాబు దొరికినట్టే!

ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. వాటిలో మ్యాథ్స్‌వి 25. తప్పు జవాబుకు అర మార్కు కోత. ఇలాంటి పరీక్షల్లో వర్గ సమాసం ఇచ్చి 'కనిష్ఠ విలువ ఎంత?' అని అడిగితే చాలామంది 'మైనస్ బీ బై టూ ఏ' అంటూ మొదలుపెడతారు. సూత్రం కరెక్టే. కానీ దాంతో వచ్చేది ఎక్స్ విలువ. అడిగిందేమో సమాసం విలువ. కంగారులో ఎక్స్‌నే టిక్ పెట్టేస్తారు. ఆప్షన్లలో అదీ ఉంటుంది మరి!

అందుకే సమాసాన్ని శీర్ష రూపంలోకి మార్చడం అలవాటు చేసుకోండి. ఉదాహరణకు 2ఎక్స్² − 12ఎక్స్ + 23 తీసుకుందాం. మొదటి రెండు పదాల నుంచి 2ను బయటకు తీస్తే 2(ఎక్స్² − 6ఎక్స్) + 23. ఆరులో సగం 3, దాని వర్గం 9. బ్రాకెట్ లోపల 9 కలిపితే వర్గం పూర్తవుతుంది. కలిపినదాన్ని మళ్లీ తీసేయాలి కదా, ఎంత తీయాలి? ఇక్కడే దెబ్బతింటారు. బయట 2 ఉంది కాబట్టి మనం కలిపింది 9 కాదు, 18. అంటే 2(ఎక్స్ − 3)² + 5. వర్గం ఎప్పుడూ సున్నా కంటే తగ్గదు. కనుక కనిష్ఠ విలువ 5. అది ఎక్స్ = 3 దగ్గర వస్తుంది.

గ్రాఫ్ గీయమన్నా ఇదే చాలు. శీర్షం (3, 5). ఎక్స్ 2 అయినా, 4 అయినా వై 7. ఎక్స్ 1 అయినా, 5 అయినా వై 13. ఈ అయిదు బిందువులు కలిపితే పైకి తెరుచుకున్న పరావలయం. అడుగే 5 దగ్గర ఉంది, ఎక్స్ అక్షాన్ని తాకదు. కాబట్టి వాస్తవ మూలాలు లేవని లెక్క చేయకుండానే తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూల్లో ఇదే లెక్క వేషం మార్చుకుని రావచ్చు. టికెట్ రూ.200 ఉంటే 60 సీట్లు నిండుతాయి, పెంచే ప్రతి పది రూపాయలకు ఇద్దరు తగ్గుతారు అనుకోండి. ధర ఎంత పెడితే రాబడి ఎక్కువ? (200 + 10ఎక్స్)(60 − 2ఎక్స్)ను శీర్ష రూపంలో రాస్తే −20(ఎక్స్ − 5)² + 12,500. ముందు మైనస్ ఉంది, కాబట్టి ఇది గరిష్ఠం. టికెట్ రూ.250, సీట్లు 50, రాబడి రూ.12,500.

ఇప్పుడు 3ఎక్స్² + 12ఎక్స్ + 7ను మీరే చేసి చూడండి. శీర్షం (−2, −5) రావాలి. −2కు బదులు 2 వచ్చిందంటే బ్రాకెట్‌లో గుర్తు చూసుకోలేదన్నమాట. −5కు బదులు 3 వచ్చిందంటే బయటున్న 3ను మర్చిపోయారు.