చలికాలంలో పంట కాపలా తుపాకి



మార్గశిరం వచ్చిందంటే మేడ్చల్, శామీర్‌పేట, మూడుచింతలపల్లి వైపు మొక్కజొన్న, వేరుశనగ వేసినవారికి రాత్రి నిద్ర కరువే. అడవిపంది ఒక్క రాత్రి మడిలో పడితే నెలల కష్టం నేల పాలు. మంచె మీద కాపలా, ముందర కుంపటి, భుజాన గొంగడి. ఏ కొద్దిమంది దగ్గరనో లైసెన్సు తుపాకి కూడా ఉంటుంది. ఈవేళ ఆ కొద్దిమందితోనూ, వారికి సలహా చెప్పే విస్తరణ కార్యకర్తలతోనూ నాలుగు మాటలు చెప్పదలచాను.

“తుపాకి ఇనుమే గదా, దానికి చలేమిటి?” అని మీరనవచ్చును. ఒట్టి చలి అయితే మన ప్రాంతంలో పెద్ద బాధ లేదు. హైదరాబాదులో బాగా చలి పడిన రోజని చెప్పుకునేది 1946 జనవరి 8. ఆనాడు 6.1 డిగ్రీలకు దిగింది. మామూలు ఏడాదిలో డిసెంబరు, జనవరిలో బాగా చల్లని రాత్రులు పది పన్నెండు డిగ్రీల దగ్గర ఉంటవి. పట్నం నడుమ కంటే పొలాల్లో ఇంకా కొంచెం తక్కువే. మంచు దేశాల వేటగాండ్లు సున్నాకు ఇరవై, ముప్పై డిగ్రీలు కిందికి దిగే చలిలో తిరుగుతారు. వారు తుపాకిలో నూనె బొట్టు లేకుండా తుడిచి వాడుతారు. మనకు అంత అవసరం రాదు. మనకు చేటు చేసేది చలి వెంట వచ్చే తడి. దానికి తోడు, మనం చేతికందిన నూనెనల్లా పూస్తాము.

పుష్యమాసం పొద్దున తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీస్తే ఏమవుతుంది? గడ్డకట్టి ఉంటుంది. సుమారు ఇరవైనాలుగు డిగ్రీలకు దిగువన అది నిలకడగా పారదు. అదే నూనె తుపాకి కీలులో వేస్తే అక్కడా గడ్డ కడుతుంది. ఆముదం గడ్డకట్టదు గాని చలికి జిగురెక్కుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. అప్పుడు మీట నొక్కినా సుత్తి చురుకుగా పడదు. మెల్లగా పడిన దెబ్బకు టోపీ పేలదు. మందు మంచిది కాదని రైతు దుకాణదారును తిడతాడు, తప్పేమో నూనెది. కీలును కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె వంటి పలుచని నూనె ఒక్క బొట్టు వేస్తే చాలును. ఎక్కువ పోస్తే అది టోపీ దగ్గరికి జారి దాన్ని పాడుచేస్తుంది.

ఇక తడి సంగతి. చన్నీళ్లు పోసిన ఇత్తడి చెంబు పైన చెమట పట్టడం అందరూ చూచినదే. తెల్లవారుజామున మంచె దిగి, చల్లబడ్డ తుపాకిని తిన్నగా పొయ్యి మండే వంటింట్లోకి తెస్తే గొట్టం లోపలా బయటా అదే చెమట పడుతుంది. బయటిది కనబడుతుంది, తుడుస్తారు. లోపలిది కనబడదు. అందుకని తుపాకిని కొంతసేపు వసారాలో ఉంచి ఆ తరువాత లోపలికి తేవాలి. గొట్టంలో పొడిగుడ్డ ఆడించాలి. అయితే మందు దట్టించిన తుపాకిని ఇంటి గడప దాటించనే కూడదు.

నల్లమందులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటవి. అది తడిని పీల్చుకుంటుంది. సాయంత్రం దట్టించిన మందు రాత్రంతా మంచు కింద ఉంటే తెల్లవారి టోపీ మాత్రం టప్పుమంటుంది, లోపల మందు అంటుకోదు. లేదా కాసేపు రగిలి, ఆలస్యంగా పేలుతుంది. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. పేలలేదని గొట్టంలోకి తొంగిచూడరాదు, పైనుంచి మరికొంత మందు పోయరాదు. మూతిని మనిషి లేని దిక్కుకు పట్టి, రెండు నిమిషాలు కదలకుండా ఆగండి. తడిసిన మందును పెనం మీదనో, కుంపటి పక్కనో ఆరబెట్టడం ఇంకొక పెద్ద తప్పు. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా ఒకసారి బాగా తడిసిన మందులో సురేకారం విడిపోతుంది, ఎండినా అది పాత మందు కాదు. దానిని లైసెన్సుగల దుకాణదారుకు అప్పగించడమే మేలు.

కాల్చిన రాత్రే గొట్టం కడగాలి, తెల్లవారి చూద్దామనరాదు. కాలిన నల్లమందు మసిలో ఉప్పులుంటవి. మంచు తగిలితే అవి నీరు లాగి ఇనుమును తింటవి. నూనెగుడ్డతో ఈ మసి పోదు, వేడినీళ్లకు కరిగిపోతుంది. వేడెక్కిన గొట్టం తొందరగా ఆరుతుంది కూడా. ఆరిన తరువాత పలుచగా నూనె పూయండి.

మంచు పడకుండా మూతిలో గుడ్డ కుక్కే అలవాటు కొందరికి ఉన్నది. ఆ గుడ్డ తడిసి ఉబ్బి బిగుసుకుంటుంది. తీయడం మరచి కాల్చితే గొట్టం పగులుతుంది, వేళ్లు పోతవి. మూతి మీద తోలుముక్క టోపీలాగ తొడగండి, అది మేలు.

గొంగడి సంగతీ చెప్పాలి. దాని కింద తుపాకి దాచుకొని లేచేటప్పుడు అంచు సుత్తికి తగులుకుంటుంది. చలికి మొద్దుబారిన వేలికి మీట ఎంత నొక్కామో తెలియదు. పొగమంచులో గొంగడి కప్పుకొని వంగి మడవ తీసే మనిషి, దూరానికి పందిలాగే కనబడతాడు. కదలిక చూచి కాల్చరాదు. ముందు కేక వేయండి, లైటు కొట్టండి.

1959 నాటి ఆయుధాల చట్టం పంట రక్షణకై మూతినుంచి మందు దట్టించే తుపాకికి చోటిచ్చింది, నిజమే. కాని ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారం గలవారి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. నెమలి, జింక జోలికి పోనేవద్దు. కార్యకర్తలు ఈ ముక్క గ్రామసభలో గట్టిగా చెప్పవలెను.

ఎన్నికలప్పుడు తుపాకులు పోలీసు స్టేషనులో జమ చేయమంటారు గదా. 2018లో శాసనసభ పోలింగు డిసెంబరు 7న, 2023లో నవంబరు 30న జరిగింది. అంటే తుపాకి తిరిగి ఇల్లు చేరేది సరిగ్గా చలిలోనే. వారాల తరబడి మూలన ఉన్న తుపాకిలో ఏమున్నదో కళ్లతో చూచి చెప్పలేము. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడే దట్టించే కడ్డీని అడుగుదాకా దింపి, మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత పెట్టుకోండి. తెచ్చిన రోజు టోపీ లేకుండా చూచుకొని, మూతికి ముఖం అడ్డం పెట్టకుండా, మళ్లీ ఆ కడ్డీ దింపండి. గీత మూతికి పైన నిలిచిందా, లోపల మందున్నట్టే.