ఇక్ష్వాకువు: రాజవంశం పేరు గల చేదుతీగ

శ్రీరామచంద్రుడు ఇక్ష్వాకు వంశజుడని తెలియని తెలుగువారుండరు. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో నాగార్జునకొండ లోయలోని విజయపురి నుండి పాలించిన రాజులకూ అదే వంశనామం. ఆ పేరే ఒక తీగకు కూడా ఉన్నదన్న సంగతి మాత్రం వైద్యులకు తప్ప ఇతరులకు అంతగా తెలియదు.

గురుకులంలో మాచేత వైద్యగ్రంథాలకు ముందు అమరకోశం వల్లె వేయించేవారు. అందులోని వనౌషధి వర్గంలో ఇక్ష్వాకువు, కటుతుంబి అనేవి ఒక జంట. తుంబి, అలాబువు అనేవి మరొక జంట. రెండవది మనం వండుకొనే ఆనపకాయ, అనగా సొరకాయ. మొదటిది చేదుసొర. కటువంటే వైద్యపరిభాషలో కారమే అయినా, ఇక్కడ అది నోటికి సహింపరాని చేదును సూచిస్తుంది. తిక్తాలాబువన్న మరొక పేరు ఈ అర్థాన్ని స్పష్టం చేస్తున్నది.

పేరు పుట్టుక

మనువు తుమ్మగా ఇక్ష్వాకు మహారాజు జన్మించాడని విష్ణుపురాణం చెబుతుంది. చెరకుకు పేరైన ఇక్షు శబ్దంతో దీనిని ముడిపెట్టేవారూ ఉన్నారు. ఇది సంస్కృత ధాతువుల నుండి పుట్టినది కాదని, అంతకు పూర్వపు దేశభాషల నుండి వచ్చి ఉంటుందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. ఆ వంశంలోని సగరుని భార్య సుమతి తుంబాకారమైన గర్భపిండాన్ని ప్రసవించగా, అది పగిలి అరువదివేల మంది పుత్రులు వెలువడ్డారని రామాయణ కథ. వంశానికీ తీగకూ గల ఈ సంబంధం ఆలోచింపదగినది.

రెండు పేర్లు ఎందుకు?

ఒకటి ఆహారం, మరొకటి ఔషధం కనుక. చరకసంహిత కల్పస్థానంలోని మూడవ అధ్యాయం ఇక్ష్వాకు కల్పం. అందులో 45 యోగాలు చెప్పబడినవి. అన్నీ వాంతి చేయించడానికే. అదికూడా రోగి బలాన్ని పరీక్షించి, స్నేహస్వేదాలు చేసి, మాత్ర నిర్ణయించి, వైద్యుడు దగ్గర ఉండి చేయించవలసిన కర్మ.

తెలుగులో సొర అన్న మాట రెంటికీ చెల్లుతుంది. తమిళుల సురై, కన్నడిగుల సోరె దీనికి తోబుట్టువులే. రెండు కాయలూ చూపునకు ఒకేలా ఉంటాయి. పేరు చెప్పని భేదాన్ని నాలుకే చెప్పాలి.

చేదంతా మేలు కాదు

ఉదయమే పచ్చి సొరకాయ రసం త్రాగే అలవాటు నేడు వ్యాపించింది. కాకర చేదు కనుక మేలు చేస్తున్నదని, సొర రసం చేదైనా కన్నుమూసి మింగేవారున్నారు. కాకరకు చేదు స్వభావం. ఆనపకు చేదు వికారం. ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు. చేదు సొర రసం త్రాగి మరణించిన వారున్నందున భారత వైద్య పరిశోధన మండలి నిపుణులచే విచారణ జరిపించింది. 2012లో ప్రచురితమైన ఆ నివేదిక, దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదని తెలిపింది.

కావున పాఠకులు ఈ నియమాలు పాటింతురు గాక:

• రసం తీసే ముందు ప్రతి కాయనుండి చిన్న ముక్క కోసి నాలుకపై ఉంచి చూడండి. చేదుగా ఉంటే ఉమిసి, కాయను పారవేయండి.

• ఉప్పు, తేనె, నిమ్మరసం, ఇతర రసాలు కలిపి చేదును కప్పిపుచ్చవద్దు. ఉడికించినంత మాత్రాన విషం పోతుందని నమ్మవద్దు.

• త్రాగిన పిమ్మట కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు కలిగితే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లి, సొర రసం త్రాగిన సంగతి చెప్పండి.

తీయని ఆనప పథ్యాహారం, నిశ్చింతగా వండుకొనండి. చేదుగా ఉన్నది ఇక్ష్వాకువు. దానికి వంటింట చోటు లేదు.