ముగ్గులో 25 చుక్కలే ఎందుకు?

ధనుర్మాసమున మన్సూరాబాద్ వీథులలో గృహాంగణముల నలంకరించు చుక్కల ముగ్గులందు మనోహరమైన గణితము నిక్షిప్తమై యున్నది. నడుమ వరుసలో 7 చుక్కలుంచి, ఇరుప్రక్కల 5, 3, 1గా తగ్గించుచు సరిచుక్క పెట్టినచో మొత్తము 25 అగును. ఎందుకు?

బాలలారా, ప్రతి వరుసను చింతగింజతో మొదలిడి, దానిప్రక్క శనగగింజను, మరల చింతగింజనుగా మార్చి మార్చి పేర్చి, తల యొకింత వంచి చూడుడు: 4 వరుసల చింతగింజల చదరము, దాని సందులలో 3 వరుసల శనగల చదరము గోచరించును, 16, 9 కలిసి 25. ఒక్క గింజ చదరమును రెండంచులా పెంచుచు పోయినచో క్రొత్తగా వలయునవి 3, 5, 7 గింజలే. కనుకనే ఒకటి మొదలుకొని వరుస బేసిసంఖ్యల మొత్తము సర్వదా వర్గమగును. ఇట్టి శ్రేఢుల సంకలనమునకు సూత్రమును ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథముననే చెప్పియున్నాడు.

నడుమ 9 చుక్కలైనచో మొత్తమెన్నియో, పేర్చకమునుపే లెక్కించి మీ అమ్మమ్మకు చెప్పుడు.