పసిగుండెలో గడ్డ

గర్భస్థశిశువు గుండెలో గుండ్రని ముద్దలు కానవచ్చుచున్నవని స్కానింగు చేసిన వైద్యుడు చెప్పగానే, గడ్డ యనిన క్యాన్సరే యని కంపించు తల్లిదండ్రులకు మొదట తెలుపవలసినది, పిల్లల గుండెలో పుట్టు గడ్డలలో నూటికి సుమారు తొంబది క్యాన్సరు జాతివి కావనుట. వీనిలో మిక్కిలి తరచుగా కానవచ్చునది రాబ్డోమయోమా. ఇది జఠరికల కండరమునందు, సాధారణముగా పెక్కు ముద్దలుగా నేర్పడి, శిశువు పుట్టిన పిదప చాలమందిలో తనంతట తానే కుంచించుకుపోవును. రక్తప్రవాహమున కడ్డుపడక, గుండెలయను చెరుపక యున్నంతకాలము దానిని కోయుటకంటె ఎకో పరీక్షలతో కనిపెట్టియుండుటయే ఉచితము.

అయితే గుండె కుదుటపడినను వైద్యుని పని ముగియదు; ఆ గడ్డలు వేరొక వ్యాధికి గుర్తు కావచ్చును. 1862లో జర్మన్ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్, పుట్టిన కొలదిసేపటికే మరణించిన శిశువును పరీక్షించి, గుండెలో గడ్డలను, మెదడులో గట్టిపడిన భాగములను ఒక్కచోట చూచెను. నేడు ట్యూబరస్ స్క్లెరోసిస్ అనబడు వ్యాధి యిదియే; దీనికి మూలమైన రెండు జన్యువులు 1993, 1997లలో బయల్పడినవి. పెక్కు రాబ్డోమయోమాలున్న శిశువులలో అత్యధికుల కీ వ్యాధి యుండుటచేత, చర్మముపై పాలిపోయిన మచ్చలను వెదకి, మెదడును, మూత్రపిండములను, కన్నులను పరీక్షింతురు. తలిదండ్రులలో నెవ్వరికిని లేకయే, మూడింట రెండువంతుల శిశువులలో ఇది క్రొత్తగా పుట్టును. కావున తల్లిని నిందించుట అన్యాయము. ఈ వ్యాధిగల నెలల శిశువు మాటిమాటికి మెడ వంచి, చేతులు చాచి, క్షణములో మామూలగుచుండగా మన యిండ్లలో దానిని ఉలికిపాటనియో దిష్టియనియో త్రోసివేయుదురు. అది మూర్ఛయే కావచ్చును, ఆలస్యమైనకొలది బుద్ధివికాసమునకు హాని.

పిల్లల గుండెలో పుట్టు మరియొక గడ్డయైన ఫైబ్రోమా త్రోవ వేరు. అది సాధారణముగా ఒక్కటే గడ్డ. తనంతట కరగదు, ప్రాణాపాయకరమైన లయభంగము కలిగింపగలదు. ఎం.ఆర్.ఐ.తో దాని స్వరూపము గ్రహించి, అవసరమైనచో శస్త్రచికిత్స చేయుదురు. ఇక జ్వరముతోనున్న బిడ్డ గుండెలో కానవచ్చినది ఇట్టి గడ్డ కాక, రక్తము గడ్డకట్టుటయో, కవాటముపై సూక్ష్మజీవులు పేరుకొనుటయో కావచ్చును.

రాబ్డోమయోమా రక్తమార్గమునే మూసివేసిన శిశువులకు నేడొక మందు కలదు. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవినుండి, అవిభక్త భారతదేశమున జన్మించిన సురేంద్రనాథ్ సెహగల్ బృందము మాంట్రియల్‌లో వేరుచేసిన సిరోలిమస్, దాని సంతతియైన ఎవరోలిమస్, జన్యులోపమువలన కళ్లెము తెగిన కణవృద్ధిని నిలువరించి, కొందరిలో గడ్డను వారములలోనే తగ్గించుచున్నవి. ఇవి రోగనిరోధకశక్తిని తగ్గించును గావున రక్తములో మందు పాళ్లను తరచుగా కొలుతురు. మందు మానిన పిదప గడ్డ మరల పెరిగిన శిశువులును గలరు.