అద్దం లేని కెమెరా – గుణదోషాలు

చూచిన దానిని చెదరకుండా నిలుపుకోవాలనే కోరిక మానవునికి సహజం. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ లోయలోని శిల్పులు ఆ కోరికను పల్నాటి సున్నపురాతిపై తీర్చుకున్నారు. 1839లో ఫ్రాన్సు దేశంలో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైన తరువాత, అంతవరకు రాయీ రంగులూ చేసిన పనిని కాంతి కూడా చేయడం మొదలుపెట్టింది. మద్రాసు మ్యూజియానికి చేరిన అమరావతి శిల్పాలను 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు. ఆనాటి కెమెరా ఒక పెద్ద పెట్టె. ముక్కాలి పీట లేనిదే అది నిలిచేది కాదు.

ఆ ఫొటోల విలువ ఎంతటిదో పల్నాడు ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను కొండపైకీ, అనుపుకూ తరలించారు. తరలించడానికి వీలుకాని వాటికి నేడు మిగిలిన సాక్ష్యం నివేదికలూ, పటాలూ, ఫొటోలే. కాబట్టి కెమెరా కేవలం వినోద సాధనం కాదు. అది జ్ఞాపకాన్ని భద్రపరచే పనిముట్టు. పనిముట్టు ఎంతటిదో తెలిసినవాడే దానిని సద్వినియోగం చేయగలడు. ఈ కాలంలో విరివిగా వాడుకలోకి వచ్చిన అద్దం లేని కెమెరా, అనగా మిర్రర్‌లెస్ కెమెరా, గుణదోషాలను ఈ దృష్టితోనే పరిశీలిద్దాం.

అద్దం ఎందుకు వచ్చింది? ఎందుకు పోయింది?

మన ఊళ్ళలోని స్టూడియోలలో చాలాకాలం రాజ్యమేలినది సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా. దానిలో లెన్సు వెనుక 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన కాంతిని ఆ అద్దం పైకి మళ్ళిస్తుంది. పైనున్న పట్టకం ఆ కాంతిని ఫొటోగ్రాఫరు కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, కాంతి ఫిల్ముపై పడుతుంది. ఫిల్ము తాను చూచినదాన్ని అప్పటికప్పుడు మనకు చూపలేదు. అందువల్ల ఆ రోజులలో లెన్సు చూచినదే మన కన్ను కూడా చూడాలంటే అద్దం అవసరమైంది.

డిజిటల్ యుగంలో ఫిల్ము స్థానాన్ని సెన్సార్ ఆక్రమించింది. సెన్సార్ తనపై పడిన దృశ్యాన్ని వెంటనే తెరపై చూపగలదు. ఇక అద్దంతో పనేమున్నది? ఈ ఆలోచనతోనే ఒలింపస్, పానసోనిక్ సంస్థలు 2008లో మైక్రో ఫోర్ థర్డ్స్ అనే విధానాన్ని ప్రకటించాయి. అదే సంవత్సరం పానసోనిక్ జి1 కెమెరా వెలువడింది. 2010లో సోనీ, 2011లో నికాన్, 2012లో కేనన్ సంస్థలు ఇదే బాట పట్టాయి. అద్దం పోయినా లెన్సులు మార్చుకొనే సౌకర్యం మాత్రం పోలేదు. సాధారణమైన చిన్న కెమెరాలకూ వీటికీ గల ముఖ్యమైన భేదం ఇదే.

గుణాలు

మొదటి గుణం తేలికదనం. అద్దం తిరగడానికి కావలసిన చోటు మిగిలిపోవడంతో లెన్సును సెన్సార్‌కు దగ్గరగా అమర్చవచ్చు. కేనన్ పాత విధానంలో లెన్సు అమరికకూ సెన్సార్‌కూ నడుమ దూరం 44 మిల్లీమీటర్లు. అదే సంస్థ అద్దం లేని ఎం శ్రేణిలో అది 18 మిల్లీమీటర్లు మాత్రమే. అద్దం ఉన్న కేనన్ 80డి బ్యాటరీతో కలిపి 730 గ్రాములు తూగుతుంది. దాదాపు అంతే సెన్సార్ గల అద్దం లేని ఎం50 సుమారు 390 గ్రాములే. మాచర్ల నుంచి ఎత్తిపోతలకు వెళ్ళి, మెట్లు దిగి, రోజంతా తిరిగేవారికి ఈ తేడా సాయంకాలానికి భుజమే చెబుతుంది.

రెండవది, తీయబోయే ఫొటోను ముందుగానే చూడగలగడం. అద్దం ఉన్న కెమెరాలో కంటికి కనిపించేది దృశ్యం. అద్దం లేని కెమెరాలో కనిపించేది రాబోయే ఫొటో. మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుద్దీపాల ప్రభలను ఫొటో తీసేటప్పుడు చుట్టూ చీకటి, నడుమ వెలుగు. వెలుగు ఎక్కువైతే ప్రభ తెల్లని ముద్దగా మారుతుంది, తక్కువైతే జనం కనిపించరు. ఆ సంగతి మీట నొక్కక ముందే తెరపై తెలిసిపోతుంది.

మూడవది నిశ్శబ్దం. ఎలక్ట్రానిక్ షట్టర్ గల కెమెరాలు చప్పుడు లేకుండా ఫొటో తీయగలవు. కారెంపూడి వీరుల ఆరాధన వంటి సందర్భాలలో భక్తుల ఏకాగ్రతకు భంగం కలగదు. నాలుగవది, తగిన అడాప్టర్ అమర్చి పాత కాలపు లెన్సులను కూడా వాడుకోగలగడం. లెన్సుకూ సెన్సార్‌కూ నడుమ దూరం తగ్గినందువల్లనే ఇది సాధ్యమైంది.

దోషాలు

వెలుగున్న చోట నీడ కూడా ఉంటుంది. మొదటి లోపం బ్యాటరీకి సంబంధించినది. ఈ కెమెరాలో చూస్తున్నంతసేపూ సెన్సార్, తెర పనిచేస్తూనే ఉంటాయి. నిర్ణీత పరీక్షా పద్ధతి ప్రకారం 80డి ఒక చార్జితో 960 ఫొటోలు తీస్తే, ఎం50 తీసేది 235 మాత్రమే. పెళ్ళిపందిరిలో తలంబ్రాల వేళకు కెమెరా కన్ను మూస్తే ఆ ముహూర్తం తిరిగి రాదు. రెండు మూడు బ్యాటరీలు వెంట ఉంచుకోక తప్పదు.

రెండవది దుమ్ము. లెన్సు మార్చేటప్పుడు చాలా నమూనాలలో సెన్సార్ బయటి గాలికి తెరచుకొని ఉంటుంది. పాత కెమెరాలో అద్దమూ, షట్టరూ దానికి తెరలుగా నిలిచేవి. సున్నపు బట్టీల పిడుగురాళ్ళలో రోడ్డు పక్కన నిలబడి లెన్సు మార్చడం తెలివైన పని కాదు. మూడవది వేడి. చిన్న దేహంలో పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఎడతెగకుండా వీడియో తీస్తే, కొన్ని కెమెరాలు వాటంతట అవే ఆగిపోవచ్చు.

నాలుగవది, నిశ్శబ్ద షట్టర్‌తో వచ్చే చిక్కు. చాలా సెన్సార్లు దృశ్యాన్ని ఒక్కసారిగా కాక వరుస వెంట వరుసగా చదువుతాయి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది కనుక కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి కనిపించని ఆ మిణుకు ఫొటోలో అడ్డుచారలుగా పడుతుంది. వేగంగా కదిలే వస్తువులు వంగినట్లు కనిపిస్తాయి. అటువంటి చోట మామూలు షట్టర్‌ను వాడటమే మేలు. సెన్సార్ అంతటినీ ఒకేసారి చదివే కెమెరాను సోనీ సంస్థ 2023లో ప్రకటించింది గాని, దాని ధర సామాన్యునికి అందేది కాదు.

ఐదవ లోపం చాలామంది గమనించనిది. కెమెరా చిన్నదైనంత మాత్రాన లెన్సు కూడా అదే పాళ్ళలో చిన్నది కాదు. దూరపు పక్షులను తీసే పెద్ద లెన్సు తగిలిస్తే చిన్న కెమెరా ముందుకు తూలుతుంది. సెన్సార్‌ను కుదిస్తే లెన్సు కూడా చిన్నదవుతుంది. కాని మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సార్ వైశాల్యం 36×24 మిల్లీమీటర్ల పూర్తి సెన్సార్‌లో దాదాపు నాలుగవ వంతే. అది అందుకొనే కాంతి తక్కువ కనుక మసకవెలుతురులో ఫొటోపై ఇసుక చల్లినట్లు చుక్కలు తేలుతాయి.

ఎంపికలో వివేకం

కెమెరా కొనేవారు ఒక వస్తువును మాత్రమే కొనడం లేదు, ఒక లెన్సుల కుటుంబంలో చేరుతున్నారు. నికాన్ 1 శ్రేణి 2011లో మొదలై 2018లో ఆగిపోయింది. కేనన్ ఎం శ్రేణి 2012లో మొదలై 2023 నాటికి ముగిసింది. ఆ కెమెరాలు ఇప్పటికీ పనిచేస్తాయి. కాని వాటికి తయారీదారు నుంచి కొత్త లెన్సులు రావు. అప్పు తెచ్చి కెమెరా కొని, దానితో బతుకుతెరువు వెదుక్కోవాలనుకొనే యువకునికి ఇది చిన్న విషయం కాదు. దుకాణంలో మెగాపిక్సెళ్ళ లెక్క అడగడానికి ముందు, ఈ అమరికకు సరిపడే లెన్సులు ఇంకా తయారవుతున్నాయా, వాటి ధర ఎంత, మరమ్మతు ఎక్కడ అన్న మూడు ప్రశ్నలు అడగాలి.

ప్రయాణాలు చేస్తూ గుడులను, శాసనాలను, వీరగల్లులను నమోదు చేయదలచినవారికి తేలికైన అద్దం లేని కెమెరా చక్కగా సరిపోతుంది. రోజుకు వేలకొద్దీ ఫొటోలు తీస్తూ, తక్కువ పెట్టుబడితో వృత్తి ప్రారంభించేవారికి, మంచి స్థితిలో ఉన్న పాత అద్దం కెమెరా నేటికీ నమ్మదగిన తోడే. ఒక సాధనం కొత్తది కావడం చేతనే గొప్పదీ కాదు, పాతది కావడం చేతనే పనికిరానిదీ కాదు. చేయవలసిన పనిని ముందు నిర్ణయించుకొని, దానికి తగిన సాధనాన్ని ఎన్నుకొనడమే వివేకం. మునిగిన లోయను మనకు మిగిల్చినవారు తమ కాలపు బరువైన కెమెరాలతోనే ఆ పని చేశారు. నేడు కళ్ళముందున్న పల్నాడును రేపటివారికి అందించే బాధ్యత చేత కెమెరా ఉన్న ప్రతి ఒక్కరిదీ.